తూర్పు గోడ

ఇర్యా కల్లెలా మా ఇంట్లో గది అద్దెకు తీసుకున్న రోజున మా అమ్మ అమాలియా ఆమెను గుమ్మంలోనే నిలబెట్టేసింది. చేతిలో పెట్టె, చంకలో ప్లాన్ల చుట్టలు, బూట్లకు చీలమండల దాకా మంచు కరిగిన బురద. అమ్మ ఆ పెట్టె దించుకోమని కూడా అనలేదు.

“మా చర్చికి ప్లాను గీసింది నువ్వేనా?”

“నేనేనండి.”

“తూర్పు వైపు ఒక్క కిటికీ అయినా లేదేం?”

“అటు సామిల్లు ఉంది కదండీ. రంపం మోత లోపలికొస్తే పాస్టరుగారి మాట వినపడదు.”

“ఆదివారం సామిల్లు నడవదు.”

“చావులూ పెళ్ళిళ్లూ ఆదివారమే రావు కదండీ.”

అమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత పక్కకు జరిగి, “తెలివైనదానివే. బూట్లు బయట విప్పి రా. కాఫీ మరుగుతోంది,” అంది.

వాళ్లిద్దరి స్నేహం అలా తగాదాతోనే మొదలైంది.

మేం ఆ ఊరివాళ్లం కాదు. మాది కరేలియాలోని రూకొలంపి. ఇప్పుడది సరిహద్దుకు అవతల, రష్యా చేతిలో ఉంది. యుద్ధం మొదలైన చలికాలంలో ఒకసారి ఇల్లు వదిలి పారిపోయాం. మన సైన్యం ఊరిని మళ్లీ పట్టుకుందని తెలిసి వెనక్కి వెళ్లి, కాలిపోయిన ఇంటిని తిరిగి లేపుకున్నాం. మళ్లీ వదిలి వచ్చాం. ఆ రెండోసారి ఆవుల్ని తోలుకుంటూ కాలినడకన వచ్చాం. మా అన్న విల్హో అప్పటికే లేడు. యుద్ధంలో చనిపోతే శవాన్ని ఊరికి తెచ్చి, చర్చి పక్కన సమాధుల తోటలో పెట్టారు. అమ్మ రోజూ పాలు పితకడం అయ్యాక అక్కడికి వెళ్లి మొక్కలకు నీళ్లు పోసేది. ఊరు ఖాళీ చేయమని కబురొచ్చిన పొద్దున కూడా వెళ్లి పోసి వచ్చింది. నేను బండి దగ్గర నిలబడి, ఇంకా ఎంతసేపమ్మా అని కేకలు పెడుతూనే ఉన్నాను.

ప్రభుత్వం మాకు పడమటి వైపు, హామె ప్రాంతంలో, పెల్లోనియెమి అనే చిన్న పట్నం పక్కన పొలం ఇచ్చింది. నాన్న అక్కడి రెండో చలికాలం దాటలేదు. హామెవాళ్లు చెడ్డవాళ్లు కారు, కాకపోతే పెదవి విప్పరు. మేం గలగలా మాట్లాడతాం, నవ్వొస్తే నవ్వుతాం, ఏడుపొస్తే నలుగురి ముందే ఏడుస్తాం. మొదట్లో మమ్మల్ని వాళ్లు రష్యావాళ్లనేవారు. ఒకసారి అమ్మ కిరాణా దుకాణంలో నిలబడి, “రష్యావాళ్లమే అయితే ఇక్కడికెందుకొస్తామయ్యా, హాయిగా మా ఇంట్లోనే కూర్చునేవాళ్లం,” అంది. దుకాణదారు మళ్లీ ఆమె ముందు ఆ మాట ఎత్తలేదు.

పట్నంలోని పాత చర్చి బాంబు పడి కాలిపోయింది. చాలా ఏళ్లు బడిలోనే ఆరాధన జరిగింది. చివరికి చర్చి కమిటీ కొత్త కట్టడానికి పోటీ పెట్టింది. గెలిచిన ప్లాను హెల్సింకిలో ఉండే ఒక ఆడపిల్లదని తెలిసి సగం మంది నోరు వెళ్లబెట్టారు. ఆ ప్లాను బడి గోడకు తగిలించాక మిగతా సగం మంది వెళ్లబెట్టారు. గోపురం లేదు. నక్షత్రం లేదు. దేవదూత బొమ్మ లేదు. పొడవాటి తెల్లటి గది, ఒకే పక్కకు వాలిన కప్పు, బలిపీఠం వెనక ఒట్టి గోడ, దాని మీద ఒక సన్నటి శిలువ. అంతే.

రూకొలంపిలో మా పక్క పొలం తహ్వోది. ఇక్కడా మా పక్కనే పొలం తీసుకున్నాడు. పెళ్లాం పోయిన ముసలాయన. ఆ ప్లాను ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడి, “బాగానే ఉంది. ఆవుల్ని ఏ గుమ్మంలోంచి తోలతారు?” అన్నాడు. ఆ రోజు నుంచి మావాళ్లందరికీ కొత్త చర్చి పేరు పాల డెయిరీ.

అందరూ నవ్వుకుంటూ ఉంటే అమ్మ మాత్రం ఇంకా ప్లానే చూస్తోంది. రూకొలంపిలోని మా పాత చర్చిలో బలిపీఠం తూర్పున ఉండేది. ఇందులో ఉత్తరానికి మార్చారు. తూర్పు గోడ కింది నుంచి కప్పు దాకా ఇటుక, వేలు పట్టే సందు కూడా లేదు.

“మనవాళ్లున్న వైపే మూసేసింది,” అంది అమ్మ.

అప్పుడిక ఎవరూ నవ్వలేదు. మా కాందిశీకులందరికీ అటు ఎవరో ఒకరు మట్టిలో ఉన్నారు.

ఇర్యా రెండు వేసవులు మా ఇంట్లో ఉంది. ముప్పై దాటి ఉంటుంది. సన్నగా, పొట్టి జుట్టుతో, పని దగ్గరికి మగవాళ్లలా ప్యాంటు వేసుకుని వెళ్లేది. తాపీమేస్త్రులు మొదట్లో చాటుగా నవ్వారు, తర్వాత మానేశారు. ఏది అడిగినా ఆమె దగ్గర కారణం ఉండేది. కప్పు అలా ఎందుకు వాలిందంటే మంచు జారిపోవడానికి, పాట చివరి బెంచీ దాకా చేరడానికి. దక్షిణపు కిటికీలు అంత ఎత్తున ఎందుకంటే చలికాలపు ఎండ వాలుగా వచ్చి బలిపీఠం గోడ మీద పడటానికి. అన్నిటికీ తెల్ల సున్నం ఎందుకంటే మా దేశంలో చీకటి రోజులు ఎక్కువ, ఉన్న వెలుతురు వృథా కాకూడదు.

“అన్నీ సరే. ఇందులో దేవుడెక్కడుంటాడట?” అని అడిగింది అమ్మ ఒక సాయంత్రం, రై ధాన్యపు రొట్టె కోస్తూ.

“ఆయన సంగతి పాస్టరుగారు చూసుకుంటారు. నేను గాలీ వెలుతురూ చూస్తాను.”

“మా పాత చర్చి కప్పుకి నీలం రంగు వేసి నక్షత్రాలు గీశారు. వానొస్తే ఆ నక్షత్రాల్లోంచే కారేది. అయినా మాకది ఆకాశమే.”

“ఆకాశం కావాలంటే కిటికీలోంచి నిజమైనదే కనిపిస్తుంది కదండీ. మళ్లీ బొమ్మెందుకు?”

“నిజం ఆకాశం అందరిదీ. ఆ బొమ్మ మాది.”

ఇర్యా నమలడం ఆపింది. “నేనొక బొమ్మ పెడితే, మీకు ఇష్టమున్నా లేకపోయినా దాన్నే చూస్తూ కూర్చోవాలి. ఖాళీగా వదిలితే ఎవరికి కావలసింది వాళ్లు తలుచుకుంటారు,” అంది.

“ఇటుకల్ని చూస్తూ ఏం తలుచుకోమంటావే?”

“అమ్మా, ఆమెను తిననివ్వు,” అన్నాను నేను.

“తింటూనే ఉంది కదా. మాట్లాడితే ఆకలేస్తుంది, మంచిదే.”

రోజూ ఇదే తంతు. అయినా ఇర్యా పని నుంచి రావడం కాస్త ఆలస్యమైతే అమ్మ పొయ్యి దగ్గర నుంచి కిటికీకి, కిటికీ దగ్గర నుంచి పొయ్యికి తిరిగేది. గడ్డి కోతలప్పుడు ఇర్యా మాతో పొలంలోకి దిగింది. మా కరేలియా పద్ధతిలో రై పిండి పల్చగా వత్తి, మధ్యలో పాలల్లో ఉడికిన అన్నం పెట్టి, అంచులు మడతలు వేయడం అమ్మ ఆమెకు నేర్పింది. ఇర్యా వేసిన మడతలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అమ్మకు నవ్వాగలేదు. “తినేవాడికి వీటిని కొరకాలంటే భయమేస్తుందే పిల్లా,” అంది.

తహ్వో ప్రతి ఆదివారం మా ఇంటికి కాఫీకి వచ్చేవాడు. అమ్మా ఆయనా కలిసి అప్పటికే కమిటీకి అర్జీ పెట్టుకున్నారు, తూర్పు గోడలో ఒక కిటికీ కావాలని. కమిటీ దాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేసింది. ఒక ఆదివారం బల్ల దగ్గర మళ్లీ ఆ మాటే వచ్చింది. ఇర్యా మామూలుగానే సామిల్లు గురించి, గాలి గురించి, పొద్దుటి ఎండ కళ్లలో కొట్టడం గురించి చెప్పుకొచ్చింది. తహ్వో కప్పులో చక్కెర కలుపుతూ, తలెత్తకుండా అన్నాడు:

“నీకు అటు ఎవరూ లేరమ్మాయ్. ఉండుంటే ఆ గోడ గీసేటప్పుడు నీ చెయ్యి ఆగేది.”

ఇర్యా కప్పు కింద పెట్టింది. అది సాసరులో సరిగ్గా కూర్చోక, కాఫీ బల్లగుడ్డ మీద ఒలికింది. తుడవబోయి, ఆగి, “కాఫీ బాగుంది, వస్తానండి,” అని బయటికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం దాకా చెరువు గట్టున కూర్చునే ఉంది.  అమ్మ బల్లగుడ్డ తీసి నీళ్లలో నానబెట్టింది.

ఆ శనివారం ముగ్గురం ఆవిరి స్నానానికి సౌనాకి వెళ్లాం. మా సౌనా నీటి ఒడ్డున ఉంటుంది, ఆవిరి తట్టుకోలేకపోతే దూకడానికి వీలుగా. అమ్మ వేడి రాళ్ల మీద నీళ్లు చల్లి, మా అలవాటు ప్రకారం బర్చ్ చెట్టు కొమ్మల కట్టతో ఇర్యా వీపు మీద తడుతోంది. ఆ కట్టను మేం ఒక పేరుతో పిలుస్తాం, హామెవాళ్లు ఇంకో పేరుతో పిలుస్తారు. మామూలుగా అయితే దాని మీద వాళ్లిద్దరికీ ఒక వాదన జరగాలి. ఆ రోజు జరగలేదు.

“లౌరి అని ఒకతనండీ,” అంది ఇర్యా, వంగి కూర్చునే. “నాతోనే చదివాడు. చదువయ్యాక పెళ్లి అనుకున్నాం. యుద్ధం ఆఖరి వేసవిలో, సొక్కలా అనే పల్లె దగ్గర, అడవి అంచు దాకా వెళ్లడం చూశామన్నారు తోటివాళ్లు. ఆ తర్వాత ఎవరూ చూడలేదు. శవం కూడా రాలేదు.”

అమ్మ చెయ్యి ఆగిపోయింది.

“వాళ్లమ్మ ఇప్పటికీ క్రిస్మస్‌కి అతని కంచం పెడుతుంది. నాకు చూడబుద్ధి కాక వెళ్లడం మానేశాను.”

“ఎవరికీ చెప్పలేదా?”

“చెప్పి ఏం చేయనండీ.” నుదుటి చెమట తుడుచుకుంది. “నేను మొదట గీసినప్పుడు ఆ తూర్పు గోడంతా అద్దమే. కింది నుంచి కప్పు దాకా. గీసి, దూరంగా నిలబడి చూశాను. ఊపిరాడలేదు. మర్నాడు పొద్దున్నే మొత్తం ఇటుకతో మూసేశాను. సామిల్లు సంగతి తర్వాత తట్టింది.”

అమ్మ ఆమె పక్కన చెక్క పలక మీద కూర్చుంది. ఇద్దరి ఒంటి మీదా చెమట ధారలు కడుతోంది. ఏది చెమటో ఏది కన్నీరో ఆ చీకట్లో నాకు తెలియలేదు.

“నాకు కనీసం చోటు తెలుసు,” అంది అమ్మ. “చర్చి గోడ పక్క వరసలో, బర్చ్ చెట్టు నీడ పడే చోట. కళ్లు మూసుకుంటే నడిచి వెళ్లిపోతాను. నీకు అదీ లేదు.”

“లేదండి.”

“అయితే మూసే ఉంచు. నా కిటికీ నాకొద్దు.” నా వైపు తిరిగింది. “సైమీ, ఈ మాట ఈ గది దాటకూడదు. తహ్వోకి కూడా.”

సరేనన్నాను.

మర్నాడు తహ్వో వచ్చినప్పుడు అమ్మ, అర్జీలోంచి తన పేరు తీసేయమని చెప్పింది. ఆయన నమ్మలేదు. వేళాకోళం అనుకున్నాడు. కాదని తెలిశాక మొహం ఎర్రబడింది.

“ఆ పిల్ల నీకేమైనా మందు పెట్టిందా అమాలియా?”

“నా ఇష్టం తహ్వో. మనసు మారింది.”

“ఎందుకు మారింది?”

“చెప్పను.”

“నా పెళ్లాం అక్కడుంది. నీ కొడుకు అక్కడున్నాడు. విల్హోను మర్చిపోయావా?”

నేను నోరు తెరిచాను. అమ్మ నా వైపు చూసిన చూపుకు మళ్లీ మూసుకున్నాను. తహ్వో టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. అమ్మ మాత్రం ఆయన కప్పు బల్ల మీద పెడుతూనే ఉండేది. సాయంత్రం తీసి బీరువాలో పెట్టేది.

ఆగస్టులో కమిటీ కూర్చుంది. తూర్పు గోడ అప్పటికి నడుమెత్తు లేచింది. ఊరివాళ్లతో పాటు మేమూ వెనక బెంచీల్లో కూర్చున్నాం. కరేలియావాళ్ల అర్జీ సంగతేమిటని పాస్టరుగారు ఎత్తకముందే ఇర్యా లేచి, ఒక కొత్త కాగితం బల్ల మీద పరిచింది. తూర్పు గోడలో, పొడవునా సన్నగా ఒక కిటికీ.

ఆమె ఆ పని చేస్తుందని మాకు తెలియదు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

కమిటీ పెద్ద కాంతోలా మంచి రైతు. ఏ విషయమైనా ఒకసారి బుర్రకెక్కాక ఇక దిగదు. కాగితం వైపు చూసి, ఇర్యా వైపు చూశాడు.

“అమ్మాయిగారూ, పోయిన ఏడాది మేం ఇదే అడిగాం. మీరేమన్నారు? కారణం లేకుండా గోడకు కన్నం పెట్టకూడదన్నారు. మోత అన్నారు, చలి అన్నారు. మాకు నచ్చింది. బొమ్మలూ గోపురాలూ లేకపోయినా ఒప్పుకున్నది అందుకే. ఇప్పుడు కొత్తగా ఏం కారణం వచ్చింది?”

ఇర్యా నిలబడే ఉంది. ప్రతి మూలకూ, ప్రతి మేకుకూ కారణం చెప్పగల మనిషి. ఆ రోజు కాగితం అంచును వేలితో చదును చేస్తూ ఉండిపోయింది.

“కొందరికి అది కావాలి,” అంది చివరికి.

“ఎవరికి? అమాలియాగారు తన పేరు వెనక్కి తీసుకున్నారు. తహ్వో అసలు రానే లేదు.” కాంతోలా వెనక బెంచీల వైపు చూశాడు. “అమాలియాగారూ, మీకు కావాలా?”

అందరి తలలూ మా వైపు తిరిగాయి. అమ్మ లేచింది. ఇర్యా ఆమెనే చూస్తోంది. అమ్మ కూడా ఇర్యానే చూస్తోంది.

“నాకక్కర్లేదు,” అంది అమ్మ.

కమిటీవాళ్లను చేతులెత్తమన్నారు. కిటికీకి ఒక్క పాస్టరుగారి చెయ్యే లేచింది.

ముగ్గురం ఇంటికి బయల్దేరాం. ఓట్స్ ధాన్యపు చేను మలుపు దగ్గర ఇర్యా అడిగింది: “ఎందుకలా అన్నారు?”

“ఇంకేమనమంటావే? నా కోసం నువ్వు ఆ కిటికీ తెరిచి, రోజూ దాని ముందు నిలబడి పని చేయించుకుంటావా? నేను చూస్తూ ఊరుకోనా?”

“చేయించగలిగేదాన్నండీ. సౌనాలో మీతో చెప్పాక, చూడగలను అనిపించింది. మీ కోసం మొదలుపెట్టాను, గీస్తుంటే నాకే కావాలనిపించింది.”

అమ్మ రోడ్డు మధ్యలో ఆగిపోయింది. “ముందే ఒక్క మాట చెప్పొచ్చు కదే.”

“మీరూ చెప్పొచ్చు కదండీ.”

అమ్మకు నవ్వొచ్చింది. ఇర్యాకీ వచ్చింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే అమ్మ తలగుడ్డ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. ఇక ఇంటికి చేరేదాకా తీయలేదు. నేను ఆమె చెయ్యి పట్టుకుని నడిపించాను.

గోడ పైదాకా లేచింది. కప్పు పడింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో బిషపు వచ్చి ప్రతిష్ఠ చేశాడు. లోపలికి అడుగుపెట్టాక డెయిరీ అని నవ్వినవాళ్లు కూడా గొంతు తగ్గించారు. ఆ వెలుతురు అలాంటిది. ఎక్కడి నుంచి వస్తోందో కనిపించదు, గోడ మీద మాత్రం పాలు ఒలికినట్టు పరుచుకుని ఉంటుంది. మొదటి కీర్తన ఎత్తుకున్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కరేలియావాళ్లం, ఎవరూ చెప్పకుండానే, తూర్పు గోడ పక్క బెంచీల్లో కూర్చున్నాం. అమ్మ చివరన, గోడను ఆనుకుని కూర్చుంది. ప్రార్థన జరుగుతుంటే చేతి తొడుగు తీసి, అరచెయ్యి ఇటుక మీద పెట్టింది. ప్రార్థన అయ్యేదాకా తీయలేదు. తహ్వో అవతలి వరసలో ఉన్నాడు. అటు చూశాడు, మొహం తిప్పుకున్నాడు.

అక్టోబరులో అమ్మకు ఆయాసం మొదలైంది. కొట్టం దాకా నడవలేకపోయేది. గుండె పెద్దదైందన్నాడు డాక్టరు. నేను తహ్వో ఇంటికి వెళ్లి, అమ్మకు బాగోలేదు, ఒకసారి రమ్మని అడిగాను. కట్టెలు కొడుతున్నాడు. “నీళ్లు గడ్డకట్టేలోపు వలలు తీయాలి. అయ్యాక వస్తాను,” అన్నాడు గొడ్డలి ఆపకుండా. అమ్మతో చెబితే, “వస్తాడులే, మొండిఘటం, కానీ మనసున్నవాడు,” అంది. నవంబరులో, చెరువు మీద మంచు ఇంకా పల్చగా ఉన్నప్పుడే, తహ్వో రాకముందే, కాఫీ తాగుతూ కుర్చీలోనే తల వాల్చేసింది. నేను పాలు పితికి లోపలికి వచ్చేసరికి చేతిలో కప్పు అలాగే ఉంది, కాఫీ చల్లారిపోయింది.

కొత్త చర్చిలో జరిగిన మొదటి అంత్యక్రియలు ఆమెవే. పనిదినం. గుమ్మం దాకా సామిల్లు రంపం చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. తలుపు మూశారు. లోపల దాని చప్పుడు ఏ కోశానా లేదు. పాస్టరుగారు అమ్మ పేరు పలికితే ఆఖరి అక్షరం దాకా వినిపించింది. నాకు ఆ నిశ్శబ్దం భరించలేననిపించింది. ఇర్యా హెల్సింకి నుంచి వచ్చింది. నల్ల కోటులో, గోడ పక్కన అమ్మ కూర్చున్న చోట కూర్చుని, కీర్తన పాడలేక పెదవులు మాత్రం కదిలించింది.

అమ్మను హామె మట్టిలో పెట్టాం. నాన్న పక్కన.

తర్వాత సంఘం హాల్లో కాఫీ, యాలకుల రొట్టె. జనం పల్చబడ్డాక తహ్వో లేచి ఇర్యా కూర్చున్న బల్ల దగ్గరికి వచ్చాడు. నేను కప్పులు ఎత్తుతున్నాను.

“ఒక్క కిటికీ,” అన్నాడు. “ఒక ముసలిదానికి ఒక్క కిటికీ ఇవ్వలేకపోయావు. అంత పెద్ద చదువు చదివి.”

అమ్మకు ఇచ్చిన మాట పక్కనపెట్టి చెప్పేద్దామని ఒక అడుగు ముందుకు వేశాను. ఇర్యా నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత తానే చెప్పింది.

“నాకూ అటు ఒకతను ఉన్నాడండీ. సొక్కలా దగ్గర. ఎక్కడో తెలియదు.”

 తహ్వో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“సొక్కలాలో ఏ వైపు?”

“పల్లె దాటాక అడవి మొదలయ్యే చోటని చెప్పారు. వంతెన వైపు.”

“ఆ అడవి నాకు తెలుసు. చలికాలాల్లో అక్కడి నుంచి దుంగలు లాగేవాణ్ని, పెళ్లికి ముందు.” బల్ల మీద చెంచా పెట్టాడు. “ఇది రోడ్డు. ఇక్కడ వంతెన. ఇదిగో, ఇక్కడి నుంచి నేల కాస్త లేస్తుంది.”

ఇర్యా ఆ చెంచా వైపే చూస్తోంది. “నేల ఎలాంటిదండీ?”

“ఇసుక నేల. పైన నాచు.”

“నీరు నిలవదా?”

“నిలవదు. పొడి నేల. దిగువన ఒక ఊట ఉండేది, గుర్రాలకు అక్కడే తాగించేవాళ్లం. తియ్యటి నీళ్లు.”

“చెట్లు దట్టమా?”

“పల్చనే. అన్నీ పైన్ చెట్లు. కింద ఎర్రపళ్ల పొదలు. మా ఆవిడ అవంటే ప్రాణం పెట్టేది.”

“ఎండ పడుతుందా?”

“పొద్దున పూట పడుతుంది. జూన్‌లో అయితే చాలాసేపు ఉంటుంది.”

ఇర్యా తలాడించింది, ఏదో కొలతలు సరిపోయినట్టు. ఆ తర్వాత రెండు చేతులూ మొహానికి పెట్టుకుంది. మా ఇంట్లో ఉన్న రెండు వేసవుల్లో ఆమె గొంతెత్తి ఏడవడం నేను వినలేదు, ఇప్పుడు విన్నాను. తహ్వో ఎటు చూడాలో తెలియక చెంచాను అటూ ఇటూ జరిపాడు.

“అమాలియాకి ఇది తెలుసా?” అని అడిగాడు నన్ను.

“తెలుసు. నన్నూ ఎవరికీ చెప్పొద్దంది.”

“ఎప్పటి నుంచి?”

“అర్జీలోంచి పేరు తీసేయమన్న ముందురోజు నుంచి.”

ఆయన మొహం మెల్లగా మారింది. పెదవులు కదిలాయి. “విల్హోను మర్చిపోయావా అన్నాను దాన్ని,” అన్నాడు. లేచి, కోటు కూడా తీసుకోకుండా బయటికి నడిచాడు.

బయట మంచు పడుతోంది. కోటు పట్టుకుని వెనకే వెళ్లాను. కొత్త మట్టి కుప్ప ముందు టోపీ తీసి నిలబడ్డాడు. నెత్తి మీద మంచు పేరుకుంటోంది. ఏదో గట్టిగానే చెబుతున్నాడు, ఎప్పుడూ మా వంటింట్లో మాట్లాడినట్టే. నేను దగ్గరికి వెళ్లి కోటు భుజాల మీద వేసి, ఆ మాటలు వినకుండా తిరిగి వచ్చేశాను.

హాల్లో ఇర్యా ఒక్కతే ఉంది. చొక్కా చేతులు పైకి మడిచి కప్పులు కడుగుతోంది. నేను తుడిచి బల్ల మీద బోర్లించాను. ఆఖరి కప్పు అయ్యాక ఆమె చేతులు తుడుచుకుంటూ, “ఈ పూటకి మీ ఇంట్లో ఉండనా?” అంది.

ఉండమన్నాను. అమ్మ మంచం మీద ఆమెకు పక్క వేశాను.